సీతాబాయి సంతకం

నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ సంగతి మా ఆయన వేణు పెళ్లైన వారానికే కనిపెట్టాడు. మా ఆఫీసులో నేల తుడిచే కొమురమ్మకు తెలియడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఆ రోజు టీ మెషీన్ పక్కన నిలబడి వేణుతో ఫోన్లో మాట్లాడుతున్నాను. కొండాపూర్‌లో తొమ్మిదేళ్లు అద్దెకుండి, మూడుసార్లు సామాన్లు సర్దుకున్నాక, నార్సింగి పాత వీధిలో మాకో చిన్న ఇల్లు దొరికింది. సోమవారం రిజిస్ట్రేషన్.

"ఎందుకంత కంగారు వేణూ? ముప్పై ఏళ్ల లావాదేవీలకు ఈసీ తీయించాం, ఎక్కడా గొడవ లేదు. ఇల్లు సాయిచంద్ వాళ్ల నాన్నగారిది. ఆయనా, వాళ్లమ్మగారూ పోయారు. తనొక్కడే వారసుణ్ణని సాయిచంద్ అఫిడవిట్ కూడా ఇచ్చాడు. ఇంకేం కావాలి?" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి కొమురమ్మ తుడవడం ఆపి నావైపే చూస్తోంది.

"మేడం, ఆ ఇంటికి బతుకమ్మకు ఆడబిడ్డ ఎవరన్న వస్తదా? జర వాడకట్టుల అడిగిన్రా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. లాయరు చూశాడు, బ్యాంకు వాళ్లు చూశారు, ఈవిడొచ్చి బతుకమ్మ అంటుందేమిటి?

"నీ పని నువ్వు చూసుకోమ్మా" అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

రాజమండ్రి నుంచి వచ్చిన నాకు బతుకమ్మంటే ఆఫీసులో పట్టుచీర కట్టుకుని ఫొటోలు దిగే రోజు, అంతే. కానీ ఆ పండక్కి పెళ్లైన కూతుళ్లు పుట్టింటికొస్తారని తెలిశాక ఆ ప్రశ్న బుర్రలోంచి పోలేదు. ఊరందరి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి జీతం తీసుకునేదాన్ని, నా ఇంటి గురించి ఒక్క మనిషిని అడిగిన పాపాన పోలేదు. శనివారం పొద్దున్నే నార్సింగి వెళ్లాను. ఆ ఇంటి పక్కనే ఒకావిడ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సాయిచంద్‌కు అక్కచెల్లెళ్లున్నారా అని అడిగాను.

"సీతాబాయి ఉన్నది గదా, అక్క. చేవెళ్ల దిక్కు ఇచ్చిన్రు. ఏటా బతుకమ్మకు వస్తది. ఏంది, ఇల్లు అమ్ముతున్నడా? ఆమెకు ఎర్కనేనా?"

అక్కణ్నుంచే లాయరుకు ఫోన్ చేశాను. తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతురికీ సమాన వాటా ఉంటుందనీ, తమ్ముడొక్కడే అమ్మితే ఆమె వాటా మాకు రాదనీ, రేపు ఆమె కేసు వేస్తే సగం ఇల్లు కోర్టులో ఉంటుందనీ చెప్పాడు. ఇరవై ఏళ్ల లోను మాత్రం పూర్తిగా మాదే.

సాయిచంద్‌ను అడిగితే తేలిగ్గా తీసిపారేశాడు. "అక్క ఏమనది మేడం. నా మాట దాటది."

"అయితే వచ్చి సంతకం పెట్టమనండి. ఆవిడ చెక్కు ఆవిడ పేరు మీదే ఇస్తాం. లేకపోతే మాకీ ఇల్లు వద్దు" అన్నాను. నా నోరు నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

రిజిస్ట్రేషన్ వాయిదా వేశాం. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే కొమురమ్మను వెతుక్కుంటూ వెళ్లి క్షమించమన్నాను. నీకెలా తట్టిందని అడిగాను.

"మాది పుప్పాలగూడ మేడం. మా నాయిన పోయినంక అన్నలు భూమి అమ్మిన్రు. ఆడబిడ్డే లేదని రాసిచ్చిన్రు. నేను నా పాలు అడిగిన. అడిగినందుకు ఒడిబియ్యం బంద్ జేసిన్రు, పదకొండేండ్లాయె. కేసు ఇంకా నడుస్తనే ఉన్నది. ఆ ప్లాట్లు కొన్నోళ్లు గూడ నా ఎంబడి కోర్టుకు తిరుగుతున్నరు. పిల్లలను సంకనేసుకొని వస్తరు, పాపం. మీరు గూడ గట్ల పరేషాన్ గావొద్దని అడిగిన."

తన వాటా కూడా ఉన్న భూమిని కొన్నవాళ్ల మీద జాలిపడుతోంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

మూడు వారాలకు సీతాబాయి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో తమ్ముడి పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది.

"నా సంగతి నీకెవరు చెప్పిన్రు బిడ్డా?"

కొమురమ్మ గురించి చెప్పాను. ఒడిబియ్యమంటే ఏమిటని అడిగాను.

"పెండ్లైన బిడ్డకు పుట్టింటోళ్లు ఒడి నింపి పంపుతరు. అది బందయితే ఇగ ఆమెకు పుట్టిల్లు లేనట్టే" అంది సీతాబాయి.

మా గృహప్రవేశానికి సీతాబాయి తెల్లవారకుండానే వచ్చి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ పళ్లెంలో సర్దింది. కొమురమ్మ తన భర్త పోచయ్యతో వచ్చి గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది. వేణు పీట వేసి ఆమెను పిలిచాడు.

"నాకెందుకు సారూ? ఒడిబియ్యం పుట్టింటోళ్లు పొయ్యాలె."

"పుట్టింటి వాళ్లమే పోస్తున్నాం. కూర్చో అక్కా" అన్నాడు వేణు.

కొమురమ్మ కూర్చుంది. ఒడిలో కొంగు పరిచి పట్టుకుంది. సీతాబాయి చెప్పినట్టే నేను దోసిలితో పోస్తున్నాను. ఆ మనిషి రుణం ఏ జన్మలో తీరుతుందనిపించి, ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. ఆమె కూడా ఏడ్చింది.

పీట మీద నుంచి లేచాక ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఒడిలోంచి గుప్పెడు బియ్యం తీసి మా కొత్త డబ్బాలో వేసింది.

"పుట్టింట్ల గిన్ని విడిచి పోవాలె" అంది.