గుమ్మాలెక్కువైన ఇల్లు

చెప్పుల దుకాణం పైన మొదటి అంతస్తులో థెరపిస్టు గది. ఆవిడ పొద్దున్నే వచ్చి కిటికీ తెరుస్తుంది, కుండీలో మొక్కకి నీళ్లు పోస్తుంది, రెండు కుర్చీల్నీ ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకి తిప్పి పెడుతుంది. ఎదురెదురుగా వేస్తే పోలీసు స్టేషన్లా ఉంటుందని ఆవిడ నమ్మకం. ఏదో ఘోరం జరిగి, అది ముగిసిపోయాక కూడా మనసులోంచి కదలక అవస్థపడేవాళ్లు ఆవిడ దగ్గరికి వస్తారు. మాట్లాడించి, కుదుటపరిచి పంపడం ఆవిడ పని. మాటలు చెప్పి బతుకుతున్నారన్నమాట అని కింద చెప్పుల దుకాణం ఆయన ఒకసారి వేళాకోళమాడాడు. మీరు మాటలు చెప్పకుండానే చెప్పులు అమ్ముతున్నారా అని ఆవిడ అడిగేసరికి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఒక సోమవారం ఓ వడ్రంగి తన భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. అతని భుజాన పనిసంచి, అందులోంచి రంపం పిడి బయటికి కనిపిస్తోంది. ఆమె గుమ్మం దాటకుండా నిలబడిపోయింది. సంగతంతా అతనే చెప్పాడు. ఆమె ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో సరుకు దాచే చలిగదిలో పనిచేసేది. కిందటేడు ఒక సాయంత్రం ఆమె లోపలుండగా ఎవరో చూసుకోకుండా బయట గడియ పెట్టేసి వెళ్లిపోయారు. ఎలాగో బతికి బయటపడింది. అప్పట్నుంచి ఆమె ఏ గదిలోనైనా కాసేపు కూర్చుంటే చాలు, ఆ గదికి తలుపు పోతుంది. తలుపున్న చోట గోడ ఉంటుంది.

ఇంట్లోవాళ్లకి అది అలవాటైపోయింది. వాళ్ల ఇంటి గోడలు చెక్కవి. తలుపు పోయినప్పుడల్లా వడ్రంగి రంపం తీసుకుని బయటినుంచి కొత్త గుమ్మం కోసి ఆమెని బయటికి తెచ్చేవాడు. తర్వాత పాత తలుపు దాని చోటికి అది వచ్చేసేది. కొత్తదీ ఉండిపోయేది. అలా ఆ ఇంటికి ఎటు చూసినా గుమ్మాలే. వీధి గుమ్మం ఏదో తేల్చుకోలేక పోస్టుమాన్ ఉత్తరాలు కిటికీలోంచి పడేసి పోతున్నాడు. అంతకుమించి ఇరుగుపొరుగులో ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఆమె మాత్రం వరండాలో మంచం వేసుకుని పడుకుంటోంది, వానొచ్చినా సరే.

ఇప్పుడు వచ్చిన చిక్కు వాళ్ల చిన్నదాని గురించి. పిల్లకి ఈ మధ్యే ఆరేళ్లు నిండాయి. వచ్చే నెల టాన్సిల్స్ ఆపరేషన్. అయ్యాక ఆసుపత్రి గదిలో తల్లే దగ్గరుండాలి. అమ్మ లేకపోతే ఆపరేషనే వద్దని చిన్నది మొండికేసింది.

"తలుపు పోయి, లోపల పిల్లకి ఏమైనా అయితే డాక్టరు గోడలోంచి రాలేడు కదండీ" అంది ఆమె. ఆ రోజు తనంతట తాను అన్న మొదటి మాట అదే.

ఎంత చదువుకున్నా అలవాటు అలవాటే. ఆమెని లోపల కూర్చోబెట్టి, వడ్రంగిని బయట ఉండమని, మాటలు బయటికి వినిపించకూడదని థెరపిస్టు తలుపు వేసేసింది. జరిగింది మొదటినుంచీ చెప్పమని అడిగింది. ఆమె బుద్ధిగా చెప్పుకొచ్చింది. పెట్టెలు సర్దడానికి లోపలికి వెళ్లింది. గడియ చప్పుడు వినిపించింది. తలుపు బాదింది, అరిచింది. పైన పెద్ద ఫ్యాను హోరులో తన అరుపు తనకే వినపడలేదు. వేళ్లు మొద్దుబారిపోయాయి. తర్వాత లైటు ఆరిపోయింది.

"అంతే" అంది ఆమె.

థెరపిస్టు తల తిప్పి చూస్తే తలుపు లేదు. తలుపుకి తగిలించిన క్యాలెండరు ఇప్పుడు గోడకి వేలాడుతోంది. తొందరపడి మొదటి రోజే అంత లోతుకి లాగానని ఆవిడకి అర్థమైంది, తన మీద తనకే కోపం వచ్చింది. ఈలోగా అవతల రంపం మొదలైంది. ఆ గది గోడ కూడా చెక్క పార్టిషనే, పైగా అద్దెది. ఆపమని అరిచినా వడ్రంగికి వినిపించలేదు. ఆవిడ ఇక గోడ సంగతి వదిలేసి ఆమె వైపు వంగింది. పాదాలు నేలకి గట్టిగా ఆనించమంది. కళ్లముందు ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమంది. కుండీ, కిటికీ, చిరిగిన కర్టెను అంటూ ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఇప్పుడిక్కడ చలిగా ఉందా అని అడిగితే కాసేపు ఆలోచించి, లేదు, ఉక్కగా ఉంది అంది. ముందు గోడమీద తలుపు పిడి కనిపించింది, తర్వాత మిగతా తలుపంతా వచ్చింది. దాని పక్కనే రంధ్రం చేసుకుని, తలనిండా రంపప్పొట్టుతో వడ్రంగి లోపలికి తొంగిచూశాడు.

థెరపిస్టు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "అది అయిపోయిందని ఈవిడ బుర్రకి తెలుసు. ఒంటికి ఇంకా తెలీదు. ఆ ఒళ్లు ఇంకా చలిగదిలోనే ఉంది. దానికి మెల్లగా నచ్చజెప్పాలి. ప్రతిసారీ మీరు గోడ కోసేస్తుంటే, తలుపు దానంతటదే తిరిగొస్తుందని ఈవిడకి ఎప్పటికి తెలుస్తుంది?"

"మరి నన్ను చేతులు కట్టుకుని కూర్చోమంటారా?"

"అవునండీ, అదే."

వడ్రంగి ముఖం వాడిపోయింది. ఆమె చలిగదిలో తలుపు బాదుతున్న సాయంత్రం అతను వేరే పేటలో ఎవరింట్లోనో అలమారు బిగిస్తున్నాడు. ఆ సాయంత్రం కొయ్యలేని తలుపునే ఇన్నాళ్లూ కోస్తున్నాడు. ఆ మాట పైకి అనలేదు గానీ ఆమెకి తెలుసు. అతని చొక్కామీది పొట్టు దులిపింది.

తర్వాత పని నింపాదిగా సాగింది. ముందు తలుపు బార్లా తీసిపెట్టి మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం గురించి కొంచెం చెప్పడం, తలుపు అంచులు పల్చబడుతుంటే ఆపి పాదాలు నేలకి ఆనించడం, అవి మళ్లీ గట్టిపడ్డాక ఇంకొంచెం చెప్పడం. కొన్నాళ్లకి ఓరగా వేసి, ఆ తర్వాత పూర్తిగా వేసి. వడ్రంగిని కింద కూర్చోమన్నారు. ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు కనుక చెప్పుల దుకాణంలో అరలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. దుకాణం ఆయన వద్దంటూనే టీ ఇప్పించాడు.

ఎన్నిసార్లు చెప్పినా ఆమె కథ మాత్రం లైటు ఆరిపోవడం దగ్గరే ఆగిపోయేది. ఆ మాట దగ్గర తలుపు పోయేది. ఒకరోజు థెరపిస్టు ఉండబట్టలేక అడిగేసింది.

"లైటు ఆరిపోవడంతో అయిపోతే, మీరిక్కడ ఎలా కూర్చున్నారమ్మా?"

ఆమె తెల్లబోయింది. లోపల ఎంత చలి, ఎంతసేపు, ఎలా ఓర్చుకున్నావు అని చుట్టాలందరూ అడిగారు. బయటికి ఎలా వచ్చావని ఒక్కరూ అడగలేదు. తను కూడా అటువైపు వెళ్లి చూడలేదు. ఆమె కళ్లు మూసుకుని వెతుక్కుంది. తలుపు సందులోంచి సన్నగా వెలుగు. తాళాల గుత్తి చప్పుడు. ఊడ్చే ముసలామె తల లోపలికి పెట్టి చూసింది.

"ఏమందో తెలుసాండీ?" ఆమె గొంతులో నవ్వు మొదలైంది. "'ఇక్కడ కూర్చున్నావేంటే? అవతల నీ టీ చల్లారిపోతోంది' అంది."

నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. థెరపిస్టుకీ కళ్లు తడిశాయి. తలుపు ఎక్కడికీ పోలేదు. ఇకనుంచి కథ ఎక్కడ మొదలుపెట్టినా టీ దాకా వెళ్లాకే ఆపాలని ఆవిడ షరతు పెట్టింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. చీకటి పడే వేళకి చిన్నదాన్ని గదిలోకి తెచ్చారు. ఆమె మంచం పక్కన కూర్చుంది. నర్సు వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరికి వేసింది. ఏసీ హోరు అచ్చం ఆ ఫ్యాను హోరులాగే ఉంది. ఆమె పాదాలు నేలకి ఆనించింది, కిటికీ అంది, గ్లాసు అంది. అంతలో కరెంటు పోయింది. తలుపున్న చోట గోడ.

బయట నర్సు మందుల ట్రేతో వచ్చి, తలుపు ఇక్కడే ఉండాలే అని గోడ తడిమింది. వరండాలో ఉన్న వడ్రంగి చెయ్యి అప్పటికే సంచిలోకి వెళ్లి ఉలీ సుత్తీ పట్టుకుంది. కొట్టండి మరి, చూస్తారేంటి అంది నర్సు. అతను సంచి నేలమీద పెట్టి దానిమీదే కూర్చున్నాడు.

"వస్తుందండీ. దానంతటదే వస్తుంది" అన్నాడు. సంచి మీంచి లేవలేదు.

లోపల చిన్నది కళ్లు తెరిచింది. "అమ్మా, చీకటిగా ఉంది" అంది బొంగురుగా.

ఆమె వేళ్లు మొద్దుబారుతున్నాయి. అయినా కూతురి చెయ్యి పట్టుకుంది. నీకో సంగతి చెప్తానంటూ ఇన్నాళ్లూ పిల్లకి చెప్పకుండా దాచిందంతా చెప్పింది. గడియ, ఫ్యాను, చలి. తర్వాత లైటు ఆరిపోయింది అని, ఆగింది.

"తర్వాత?" అంది చిన్నది.

కథ సగంలో ఆగితే ఊరుకునే పిల్ల కాదు. తర్వాత వెలుగొచ్చింది, తాళాల చప్పుడొచ్చింది, ముసలామె తల పెట్టింది. నీ టీ చల్లారిపోతోంది అంది. చిన్నది నవ్వబోయి, గొంతు నొప్పెట్టి మూలిగి, మళ్లీ అడిగింది.

"మరి చల్లారిపోయిందా?"

అది థెరపిస్టు కూడా అడగలేదు. ఆమెకి ఆ టీ గ్లాసు గుర్తొచ్చింది. దాని అంచు గుర్తొచ్చింది.

"లేదే. వేడిగానే ఉంది" అంది ఆశ్చర్యంగా. "నాలిక కాలింది."

తలుపు తోసుకుని నర్సు లోపలికి వచ్చింది, మందుకి ఆలస్యమైందని సణుగుతూ. వెనకాలే వడ్రంగి. అతను వాళ్లిద్దర్నీ చూసి, తలుపుని చూసి, మంచం పట్టె పట్టుకుని హమ్మయ్య అనుకున్నాడు.

ఆ నెలంతా అతను ఇంటి గుమ్మాల్ని ఒక్కొక్కటే పలకలతో మూసేశాడు. చివరికి వీధి గుమ్మం, పెరటి గుమ్మం మిగిలాయి. పోస్టుమాన్ ఒకరోజు పనిగట్టుకుని తలుపు తట్టి మరీ ఉత్తరం చేతికిచ్చి వెళ్లాడు. వరండాలో మంచం లోపలికి చేరింది.

ఒక మధ్యాహ్నం పని తొందరగా ముగిసి, ఆకలి దంచేస్తుంటే వడ్రంగి ఇంటికొచ్చాడు. వీధి తలుపు మూసి ఉంది. తోస్తే తెరుచుకోలేదు. లోపలినుంచి గడియ పెట్టి ఉంది. పాత అలవాటుకొద్దీ అతని చెయ్యి రంపం మీదికి వెళ్లింది. మరుక్షణం చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్లు ముడిచి తలుపు తట్టాడు.

"ఎవరూ?" నిద్రమత్తులో ఆమె గొంతు.

"నేనే."

"ఉండు, వస్తున్నా."

ఆమె రావడానికి చాలాసేపు పట్టింది. అతను ఎండలో, తన ఇంటి ముందు, ఆకలితో, ఎంతో సంతోషంగా నిలబడ్డాడు.