పదకొండు రోజుల పాలు

బకెట్ నీళ్లలో ఫినాయిల్ కలుపుతూ సారమ్మ రోజూ అడిగేదే మళ్లీ అడిగింది: ప్రభువా, నా పాలతో ఆకాశ్‌కు ఈ జబ్బు అంటిందా, లేదా? పదిహేడేళ్లుగా ఆమె ప్రార్థనలో జవాబు రానిది ఆ ఒక్క ప్రశ్నే.

దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక చిన్న కాన్పుల దవాఖాన. ఆమె అక్కడ ఆయా. నలభై నాలుగేళ్లు. ఫినాయిల్‌కు వేళ్ల చివర్లు తెల్లగా పగిలి ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చునేటప్పుడు పెదవి బిగిస్తుంది. ఆ ఉదయం మూల మంచం దగ్గర నర్సు అరుణజ్యోతి ఒక బాలింతకు గొంతు తగ్గించి చెబుతోంది.

"రోజూ మాత్ర మింగాలె. బిడ్డకు మందు చుక్కలు మర్వకు. ఆర్నెల్లు నీ పాలే. మీ అత్త తేనె అన్నా, మేకపాలన్నా వద్దను. గిట్ల చేస్తే పాలతోని హెచ్ఐవీ అంటుడు చానా తక్కువ. మాత్రలు లేకుంటేనే భయం."

సారమ్మ తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. తన కాన్పప్పుడు పరీక్షా లేదు, మాత్రా లేదు.

అప్పుడూ ఇప్పుడూ ఆమె ఉండేది ఎల్బీనగర్‌లో అదే అద్దెగది. ఒక వాకిలి చుట్టూ నాలుగు గదులు. పక్కగది సుమలత కాన్పయ్యాక జ్వరంతో పదకొండు రోజులు దవాఖానలో ఉంది. పసివాడు ఆకాశ్ డబ్బాపాలు కక్కేసేవాడు. సారమ్మ ఒళ్లో మూణ్ణెల్ల కూతురు సాధన. సుమలత అత్త మొదట ముఖం తిప్పుకుంది. ఏడుపు ఆగకపోయేసరికి తనే మనవణ్ణి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఒక పక్క సాధన, ఒక పక్క ఆకాశ్.

సాధన పద్నాలుగు నెలలే బతికింది. చివర్లో చీకే బలం లేకపోతే, సుమలత తన కొడుకు ఉగ్గుగిన్నె తెచ్చిచ్చింది; సారమ్మ దానితోనే పాలు పోసేది. మరుసటి ఏడు లారీ నడిపే భర్త పోయాడు. అప్పుడు చేసిన పరీక్షలో తనకూ హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. బిడ్డకు కడుపులోనే వచ్చిందో, పాలతో వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. గిన్నెతో అంటదని మాత్రం చెప్పారు. అయినా దాన్ని తిరిగివ్వడానికి చెయ్యి రాలేదు.

ఆకాశ్‌కు పరీక్ష చేయించమనాలంటే తన సంగతి చెప్పాలి. చెబితే గది పోతుంది, పని పోతుంది, సుమలత తలుపు మూసుకుంటుంది. వాడు దగ్గినప్పుడల్లా గోడ ఇవతల ఆమె ఊపిరి బిగబట్టేది. చెప్పకపోవడం పాపమని తెలుసు. తెలిసీ ఊరుకుంది. మాత్రల సీసా పప్పు డబ్బాలో దాచి బతికింది.

సుమలత వాళ్లు తుర్కయంజాల్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. వెళ్లేది ఈ రోజే. ఈ రోజైనా చెప్పెయ్యాలనుకుని సారమ్మ మధ్యాహ్నం సెలవడిగి వచ్చింది. వాకిట్లో ట్రాలీ ఆటో నిండిపోయింది.

"వచ్చినవా సారక్కా! మొకమేంది గట్ల పెట్టినవ్? తుర్కయంజాల్ ఏమన్న ఢిల్లీనా? బస్సెక్కితే అద్దగంట," అంది సుమలత.

"సుమా, ఒక మాట చెప్పాలె."

"చెప్పు గని, ముందుగాల నీ కొడుకును తిట్టు. బీరువా పట్టర అంటే చెయ్యి సూపిస్తుండు."

ఆకాశ్ మోచేతి లోపలివైపు దూది పెట్టి అంటించిన పట్టీ. సారమ్మ దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏమైందిర?"

"ఏం గాలే పెద్దమ్మా. పొద్దుగాల కాలేజీ క్యాంపుల రక్తమిచ్చిన. రెండోసారి."

ఆమె ట్రాలీ అంచు పట్టుకుంది. "మొదటిసారి ఇచ్చినంక... మళ్ల పిలిచిర్రా?"

"ఎందుకు పిలుస్తరు? టెస్టులన్ని చేసి మెసేజ్ పెట్టిర్రు." ఫోన్ తీసి చదివాడు. "హెపటైటిస్ నెగెటివ్, హెచ్ఐవీ నెగెటివ్, మలేరియా నెగెటివ్. అంత నీ పాల బలమే పెద్దమ్మా!"

"మరేంది! రేపు వీని పెండ్లానికి పాలు తక్కువైతే గూడ నిన్నే తోల్కపోత," అని సుమలత పకపకా నవ్వింది.

సారమ్మ నవ్వలేకపోయింది. "మళ్లొక్కసారి సదువు బిడ్డా," అంది.

వాడు వింతగా చూసి మళ్లీ చదివాడు.

అవే పాలు కదా ప్రభువా. ఈ పక్క ఇట్లా, ఆ పక్క అట్లా ఎందుకు చేశావు? పాత ప్రశ్న పోయిన చోట ఇది వచ్చి కూర్చుంది.

"ఏందో చెప్తనంటివి గదా?" అంది సుమలత.

"ఉండు," అని సారమ్మ గదిలోకి వెళ్లింది. అలమార పై అరలో, సాధన ఉన్ని టోపీలోంచి ఉగ్గుగిన్నె తీసింది. కడిగి, కొంగుతో తుడిచి తెచ్చి సుమలత చేతిలో పెట్టింది.

"ఆకాశ్‌ది. ఇన్నేండ్లాయె, నీకు వాపసియ్యనే లేదు."

సుమలత నవ్వు ఆగిపోయింది. గిన్నెను ఒళ్లో పెట్టుకుని ట్రాలీ ముందు సీట్లో కూర్చుంది.

ఆటో మలుపు తిరిగేదాకా సారమ్మ గడపలో నిలబడి, లోపలికి వచ్చింది. మాత్రల సీసా పప్పు కిందే ఉంది. చెప్పాలనుకున్న మాటా లోపలే ఉంది. అలమార అరలో ఉన్ని టోపీ, గిన్నె ఇంకా లోపల ఉన్నట్టే, గుండ్రంగా నిలబడి ఉంది.