అప్పగింతలో ఉన్నాం

ఆ వార్డులో నలభై బెడ్లు, ముగ్గురు నర్సులు. వాళ్లు నడిచిన నడకంతా ఒకే బారుగా పేరిస్తే, ఈపాటికి చంద్రుడి మీదికెక్కి ఆయనకు బీపీ కూడా చూసి దిగివచ్చేవారు. కూర్చుని తినడం మాత్రం పదకొండు రోజులుగా ఎవరికీ కుదరలేదు.

ఆ పొద్దున చిన్న నర్సు ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరి బెడ్ దగ్గరికి పట్టుకెళ్లి, సూది గుచ్చబోతూ పేరు చూసుకుని ఆగింది. ఇక తనవల్ల కాదనీ, సాయంత్రం రాజీనామా ఇచ్చేస్తాననీ పెద్ద నర్సుతో చెప్పింది. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడకు గుండెల్లో రాయి పడింది. పిల్ల పనిమంతురాలు. దానికి కావలసిందల్లా ఒక్క అరగంట కుదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తినడం.

సరిగ్గా ఆ అరగంట మీదే సూపరింటెండెంటు గారి కన్ను పడింది. సిబ్బంది అలసిపోతున్నారని పైనుంచి ఆయనకు కాగితం వచ్చిందట. అలసట పోగొట్టే తరగతి పెట్టించాడు, అదీ భోజనాల వేళ. అక్కడ నిలబడి ఊపిరి పీల్చాలి. రానివాళ్లకు మెమో.

పీల్చడానికి మాలో ఊపిరి మిగిలితే కదా అని పెద్దక్క పళ్లు నూరుకుంది.

ఆ ఆసుపత్రిలో ఒక కట్టుబాటుంది. డ్యూటీ అప్పగించుకునేటప్పుడు నర్సుల్ని ఎవరూ కదిలించకూడదు. ఆ మాట రాసి, సంతకం పెట్టి, నర్సుల గది తలుపుకు అంటించింది సూపరింటెండెంటే. తరగతి వేళకు పెద్దక్క మూడో నర్సును వార్డులో ఉంచి, చిన్నదాన్ని ఆ గదిలోకి లాక్కెళ్లి, దాని ముందు టిఫిన్ డబ్బా పెట్టి, రోగుల రిజిస్టరు తెరిచి డ్యూటీ అప్పగిస్తున్నట్టు గొంతెత్తి చదవసాగింది.

ఆయన బయట గడియారం చూసుకుంటూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. లోపల నలభై బెడ్లూ అయిపోయాయి. డబ్బాలో ఇంకా సగముంది.

పెద్దక్క పేజీ తిప్పింది. "నలభై ఒకటో బెడ్. ఆవలిస్తే దవడ పట్టేసింది. ఈగలు దూరకుండా ఇద్దరం కాపలా."

చిన్న నర్సుకు పొలమారింది.

"నలభై రెండు. ఈయన తరగతికెళ్లి ఊపిరి పీల్చాడు, వదలడం మరిచిపోయాడు. ఎగిరిపోకుండా కిటికీకి కట్టేశాం."

తలుపు చప్పుడైంది. "ఏమ్మా, మనకున్నవి నలభై బెడ్లే కదా?"

"అవును సార్. మేమూ ముగ్గురమే. అప్పగింతలో ఉన్నాం, తలుపు మీదున్నది చదువుకోండి."

ఇద్దరికీ మెమోలు వస్తాయని చెప్పి ఆయన విసవిసా వెళ్లిపోయాడు. రానీ, ఆ కాగితాలు పరుచుకుని తిందామంది పెద్దక్క.

చిన్న నర్సు డబ్బా అడుగు గీకి మూత పెట్టింది. పెద్దక్క తన డబ్బా తెరవనే లేదని అప్పుడు చూసింది.

"రేపు నేను చదువుతాలే అక్కా," అంది. "నువ్వు తిను."