పళ్ళు నూరేది ఎవరి మీద

దంతవైద్యుడు బల్లమీద రెండు నమూనాలు పెట్టాడు. ఒకటి రబ్బరులా వంగేది, రెండవది గాజులా గట్టిగా ఉన్నది. నిద్రలో పళ్ళు నూరేవారు పై వరుసకు పెట్టుకునే తొడుగులవి. కుర్చీలో వెనక్కి వాలి ఉన్నది నా కోడలు. పక్కన నిలబడినవాడు నా కొడుకు.

"దవడ పళ్ళు అరిగి చదునైపోయాయి. ఎవరి మీదమ్మా ఇంతగా పళ్ళు నూరుతున్నారు?" అని వైద్యుడు నవ్వాడు.

మేము నవ్వలేదు. ఆయన తప్పు లేదు. మా ఇంటి సంగతి ఆయనకు తెలియదు. నా మనవరాలు జ్వరంతో పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ రాత్రి ఆసుపత్రికి పోదామని కోడలు అడిగింది. "ఈ వానలో ఎక్కడికి? తెల్లారాక వెళ్దాం," అన్నాడు నా కొడుకు. తెల్లవారింది, తీసుకువెళ్ళడానికి పిల్ల లేదు. తరవాత కోడలు అతనిని ఒక్క మాట అనలేదు, ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. నిద్రలో మాత్రం పళ్ళు నూరుతుంది, గోడ ఇవతల పడుకున్న నాకు వినబడేంతగా. అతడు తన పక్క ముందుగదిలోకి మార్చుకున్నాడు. లోపలి పగ అలా బయటపడుతున్నదని అతని నమ్మకం. నా నమ్మకమూ అదే. అందులో అన్యాయమేమీ నాకు కనబడలేదు. తప్పు చేసినవాడు తీర్పు వినవలసిందే, నా కడుపున పుట్టినవాడైనా సరే.

"చప్పుడు దేనితో తగ్గుతుంది డాక్టరుగారూ?" అని అడిగాడు నా కొడుకు.

"మెత్తనిదానితో. కాని వీరి పట్టుకు అది నాలుగు రోజులు ఆగదు. గట్టిది పళ్ళను కాపాడుతుంది, చప్పుడు మాత్రం కాస్త ఉంటుంది."

"మెత్తనిదే ఇవ్వండి."

"మనం వచ్చింది దాని పళ్ళ కోసమా, నీ చెవుల కోసమా?" అన్నాను. "చెవులకైతే దూది చాలు, డాక్టరెందుకు?"

"నీకేం తెలుసమ్మా! నన్నే నమిలేస్తున్నట్టుంటుంది."

"నమలనీ."

"ఆయన్నేమీ అనకండత్తయ్యా." కోడలు లేచి కూర్చుంది. "ఏమండీ, నేను నూరేది మీ మీద కాదు."

"మరెవరి మీద?"

"తెల్లారాక వెళ్దామన్నది మీరు. సరేనన్నది నేను. పిల్ల ఒళ్ళు కాలిపోతోందని చేతికి తెలుస్తూనే ఉంది, అయినా సరేనన్నాను. ఆ మాటన్నది ఈ నోరే కదండీ."

నేను మనసులో నడిపిన విచారణలో ముద్దాయి ఒక్కడే. ఈ పిల్ల తనంతట తానే బోనెక్కి నిలబడి ఉన్నదని నాకు తోచనేలేదు.

"నువ్వు ఊరికే సరేననలేదు," అన్నాడు నా కొడుకు, ఆమె వంక చూడకుండా. "బతిమాలావు. నేను కసిరితే అన్నావు." వైద్యుడి వైపు తిరిగి, "గట్టిదే ఇవ్వండి. చప్పుడుంటే ఉండనీయండి," అన్నాడు.

వైద్యుడు మరి హాస్యమాడలేదు. అచ్చు తీసే ముద్ద కలిపి, పంటివరుస ఆకారంలో ఉన్న చిన్న పళ్ళెంలో నింపి, ఆమె పై పళ్ళకు అదిమాడు. "ఇది బిగుసుకునేదాకా పళ్ళు కరవకూడదమ్మా. నోరు తెరిచే ఉంచాలి."

అన్ని నెలలుగా పంటి బిగువున ఆపుకొన్నది, నోరు తెరిచి ఉంచేసరికి ఆగలేదు. ముందు కళ్ళు నిండాయి. తరవాత గొంతులోనుంచి మాట కాని అరుపొకటి వచ్చింది, దాని వెనుక మరొకటి. నా కొడుకు ఒంగి ఆమె గడ్డం కింద రుమాలు పట్టాడు.

అచ్చు చెడిపోయింది. "మళ్ళీ తీయాలి," అన్నాడు వైద్యుడు నెమ్మదిగా.

"తీద్దురుగాని," అన్నాను. "ముందు దాన్ని ఏడవనివ్వండి."