సామాన్ల దగ్గర మనిషి

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మంచం కిందనుంచి పెద్ద పెట్టె లాగి బోర్లిస్తే, కిందటిసారి వెళ్ళొచ్చిన సముద్రం తాలూకు ఇసుక గచ్చు మీద పడింది. ఎన్నిసార్లు దులిపినా కుట్లలో ఇంత మిగిలిపోతుంది. ఆమె చీపురు తెచ్చి ఊడ్చింది. ఈ ఇంట్లో సముద్రానికి వెళ్ళడమంటే అందరికీ ఆట, ఆమెకి మాత్రం ఇసుక. పిల్లల లాగుల జేబుల్లో ఇసుక, తువ్వాళ్ళ మడతల్లో ఇసుక, బట్టలుతికే మెషీన్ అడుగున బురదలా పేరుకునే ఇసుక. తిరిగొచ్చాక వారం పాటు అందరూ ఫోన్లు ముందేసుకుని ఫొటోలు చూసుకుంటుంటే ఆమె దులుపుతూనే ఉంటుంది. ఆ ఫొటోల్లో ఆమె ఉండదు. ఉంటే గింటే ఓ మూల గొడుగు కింద, చుట్టూ సంచులతో, కళ్ళు చికిలించుకుని, ఎవరో పక్క కుటుంబం మనిషిలా ఉంటుంది.

హాల్లోంచి భర్త తన బూట్లు పెట్టావా అని అడిగాడు. పెట్టెలో చోటు లేదంది.

"నువ్వెలాగూ నీళ్ళలోకి దిగవు కదా. నీ బట్టలు రెండు జతలు తీసెయ్యి, పడతాయి" అన్నాడు. కసిరినట్టు కాదు, ఏదో ఉపాయం చెప్పినట్టే అన్నాడు.

ఆమె తన బట్టలు రెండు జతలు తీసి బీరువాలో పెట్టేసింది. బూట్లు సర్ది, పెట్టె మూసి, దాని మీద కూర్చుని జిప్పు లాగాక కోపం వచ్చింది. ఆమె కోపానికి ఉన్న జబ్బే అది, పనంతా అయిపోయాక గానీ రాదు. అప్పటికి ఎవరి మీద చూపించాలన్నా ఎవరూ దొరకరు, ఒకవేళ దొరికినా ఇప్పుడేమైందని అడుగుతారు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆమె ఉద్యోగమే సముద్రం మీద. ఊళ్ళో ఓ మోస్తరు పేరున్న యాత్రల ఆఫీసులో పని చేస్తుంది. ఈ దేశంలో చూసి తీరాల్సిన అందమైన సముద్రతీరాలంటూ వాళ్ళు ఏటా రంగురంగుల పుస్తకం ఒకటి వేస్తారు. అందులో ప్రతి అక్షరమూ ఆమెదే. కొబ్బరిచెట్లు నీళ్ళ మీదికి వంగి ముఖం చూసుకునే తీరం, తెల్లటి ఇసుక నెలవంకలా తిరిగిన తీరం, నల్లరాళ్ళ మధ్య లైట్‌హౌసు ఒంటరిగా నిలబడ్డ తీరం, ఏరొచ్చి సముద్రంలో కలిసేచోట సగం తీపి సగం ఉప్పు నీళ్ళుండే తీరం. పుస్తకం మీద ఫొటో మాత్రం యజమాని బావమరిదిది, మెడలో కెమెరా, కింద 'మా యాత్రికుడు' అని. వెళ్ళి ఫొటోలు తీసుకొచ్చేది అతను. ఆ ఫొటోలు బల్ల మీద పరుచుకుని, ఫ్యాను గాలికి ఎగరకుండా స్టేప్లరు బరువు పెట్టి, పాదాలకి నీళ్ళు ఎంత గోరువెచ్చగా తగులుతాయో రాసేది ఆమె. మీరు కూర్చున్నచోటే కూర్చుని రాసినా వెళ్ళొచ్చినట్టే ఉంటుందండీ అని యజమాని మెచ్చుకుంటాడు. పంపించమని ఒకసారి అడిగితే, ఆడవాళ్ళు మీకెందుకండీ తిరుగుళ్ళు, ఇంట్లో ఇబ్బంది అవుతుందని ఎంతో దయగా అన్నాడు. అడక్కపోతే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్ళ గురించి ఎవరూ సామెత చెప్పలేదు.

అలాగని ఆమె ఆ తీరాలు చూడలేదని కాదు. ఉద్యోగులకిచ్చే రాయితీ మీద ఇంటిల్లిపాదీ ఇంచుమించు అన్నిటికీ వెళ్ళొచ్చారు. కొబ్బరిచెట్ల తీరంలో కుక్కలు చెప్పులెత్తుకుపోతాయని, తెల్ల ఇసుక మధ్యాహ్నానికి తువ్వాలు పరిచినా కాలుస్తుందని, లైట్‌హౌసు దగ్గర గాలికి గొడుగు నిలవదని, దాన్ని పట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి భుజం పడిపోతుందని, ఏరు కలిసేచోట కాకులు సంచి నోరు విప్పుకుని మరీ తింటాయని ఆమెకి తెలుసు. ఇవేవీ పుస్తకంలో రాయదు. సామాన్ల దగ్గర కూర్చునేవాళ్ళు ప్రయాణాలు ఎంచుకోరు కాబట్టి వాళ్ళకోసం రాయనక్కర్లేదు.

ఆమెకి సముద్రమంటే భయమని మెట్టినింట అందరికీ తెలుసు. ఆ భయం పుట్టింది పెళ్ళైన కొత్తలో. ఇద్దరే వెళ్ళాల్సిన మొదటి ప్రయాణానికి అత్తగారూ ఆడపడుచూ కూడా బయల్దేరారు. ఒడ్డుకి చేరాక సంచులు ఎవరో ఒకరు చూడాలి కదా అన్నారు. కొత్త కోడలు ఉండగా ఆ ఎవరో ఒకరి కోసం వెతుక్కునే పనేముంది. కాసేపే, తర్వాత నువ్వు వెళుదువుగాని అన్నాడు భర్త. ఆ కాసేపు చీకటి పడేదాకా సాగింది. హోటల్లో దిగిన ఇంకో కుటుంబం వాళ్ళెవరో మీ ఆవిడ నీళ్ళలోకి రాలేదేమని అడిగితే, ఆయన తల తుడుచుకుంటూ, దానికి భయమండీ అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వు నవ్విన మూతి మీద కొట్టాలనిపిస్తుంది. తాతగారి ఊళ్ళో కాలువలో అన్నయ్య కంటే ముందే అవతలి గట్టు అందుకున్న మనిషి, నీళ్ళలోంచి లేవమని అమ్మ గట్టు మీద నిలబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మనిషి, కొత్తగా పెళ్ళైందన్న ఒక్క కారణానికి నవ్వి ఊరుకుంది.

మౌనం అర్ధాంగీకారమైతే నవ్వు పూర్తి సంతకమే. తర్వాతిసారి కడుపుతో ఉంది, ఆ తర్వాత చంటిపిల్లాడు, ఆ తర్వాత ఇంకో చంటిపిల్ల. ఆ తర్వాత ఏ కారణమూ లేదు, అయినా అప్పటికి కారణంతో పని లేకుండా పోయింది. పెళ్ళిళ్ళలో, పదిమంది చేరినచోట, ఈత రాని మనిషి సముద్రం గురించి పుస్తకాలు రాస్తుందండోయ్ అని భర్త చెబుతాడు. అందరూ నవ్వుతారు. మా వదిన ఉంటే బ్యాంకు లాకరు పక్కనున్నట్టే, ఉంగరాలు కూడా ఇచ్చేసి దిగొచ్చు అని ఆడపడుచు అంటుంది. అది మెచ్చుకోలు అని ఆవిడ నిజంగానే అనుకుంటుంది. తడిసి వచ్చినవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి దుప్పటి అడ్డం పట్టుకునేది కూడా ఆమే. రెండు చేతులూ చాపి, మొహం పక్కకి తిప్పుకుని, ఒకరి తర్వాత ఒకరు. తను దిగితే తనకి దుప్పటి ఎవరు పడతారని ఒకసారి ఆలోచించి చూసింది. ఒక్క మొహమూ తోచలేదు.

ఈసారి ప్రయాణం వేరే. పుస్తకంలో అన్ని తీరాలూ ఒకేలా ఉన్నాయని, ఫోన్ చేసేది ఎక్కువగా ఆడవాళ్ళేనని, మీరే స్వయంగా ఒక కొత్త తీరానికి వెళ్ళి, నీళ్ళలోకి దిగి, తోటి ఆడదానికి చెప్పినట్టు రాయండని యజమానే అన్నాడు. ఆమెకీ ఇంకొకరికీ గది ఆఫీసే ఇస్తుంది. బస్సులో ఇంటికొచ్చే దారంతా ఆమె మనసు మనసులో లేదు. కూతుర్ని తీసుకెళ్ళాలని, ఇద్దరూ పొద్దున్నే లేచి ఎవరికీ టిఫిను పెట్టకుండా తిన్నగా నీళ్ళలోకి నడిచి వెళ్ళాలని, చేతులు ఆడించడం ఇంకా గుర్తుందో లేదో చూసుకోవాలని అనుకుంది. ఇంట్లో చెప్పింది. భర్త సంతోషపడ్డాడు, అక్కడే చిక్కొచ్చిపడింది. మీరిద్దరే వెళ్ళి ఏం చేస్తారు, నువ్వు ఒడ్డున అది నీళ్ళలో, ఎవరు చూసుకుంటారు, అమ్మ కూడా చాలారోజుల్నించి ఎక్కడికీ రాలేదు అన్నాడు. అన్నం తిని చెయ్యి కడుక్కునే లోపల ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పేశాడు, వ్యాను మాట్లాడేశాడు. నాకు ఆఫీసు పని అప్పజెప్పారండీ అని ఆమె నీళ్ళు నమిలింది. పని మేమేం వద్దన్నామా అన్నాడు.

తీరం నిజంగానే బాగుంది. అది ఒప్పుకోకపోతే అన్యాయం. రెండు చిన్న కొండల మధ్య సముద్రం లోపలికి చొచ్చుకొచ్చి, అలల ఉరవడి తగ్గి, ఒడ్డు దగ్గర నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ ఆకుపచ్చ, ఇంకా లోపల ముదురు నీలం. జనం ఎక్కువ లేరు. అద్దెకి తెచ్చిన గొడుగు భర్త ఇసుకలో గుచ్చాడు, దాని కింద ఆమె చాప పరిచింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే సంచులు, ఫోన్లు, కళ్ళద్దాలు, చెప్పులు, వ్యాను తాళాలు వచ్చి ఆమె చుట్టూ చేరాయి. ఆడపడుచు చెవులవి కూడా తీసి ఆమె దోసిట్లో పోసింది. అంత తేటనీళ్ళు ఎదురుగా పెట్టుకుని తన కాళ్ళు తన కిందే మడుచుకుని కూర్చోవడం ఆమెకి ఆవేళ కంపరంగా అనిపించింది.

మోకాళ్ళ నొప్పుల అత్తగారు కూడా కొడుకు ఒకవైపు, కూతురు ఒకవైపు పట్టుకోగా మెల్లగా లేచింది. ఆవిడకి సముద్రంలో దిగే హక్కు అరవై దాటాక, కొడుకు చేతికి ఎదిగాక వచ్చింది. వచ్చిన హక్కుని ఆవిడ గట్టిగానే వాడుకుంటుంది, అందుకు ఆమె ఆవిడని తప్పు పట్టదు. అయితే రెండడుగులు వేసి ఆవిడ ఆగింది. చెంగుచెంగున ముందు పరుగెత్తుతున్న మనవరాల్ని పిలిచింది.

"నువ్వెక్కడికే? ఎదిగిన పిల్లవి, తడిసిన బట్టలు ఒంటికి అంటుకుని ఏం బాగుంటుంది? అమ్మ దగ్గర కూర్చో. దానికీ తోడుంటుంది."

పిల్లకి పదమూడు. కిందటేడు వాళ్ళన్నతో పోటీగా ఈదింది. వాళ్ళన్న అప్పటికే నీళ్ళలో ఉన్నాడు, వాణ్ణి ఎవరూ పిలవలేదు. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన ఇబ్బందిగా మెడ రుద్దుకుని, నానమ్మ చెప్పింది కదరా అన్నాడు. తర్వాత దాన్ని తేలిక చెయ్యడానికి కాబోలు నవ్వాడు. "దానికీ వాళ్ళమ్మలాగే నీళ్ళంటే భయంలే అమ్మా."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి ఏమైనా అంటుందని ఎదురుచూసింది, అది స్పష్టంగానే తెలుస్తోంది. ఆమెకి నోట్లో మాట తయారుగా ఉంది. చుట్టూ అందరూ చూస్తున్నారు, ఒళ్ళో తాళాలూ చెవులవీ ఉన్నాయి, ఇంత మంచి పూట గొడవెందుకనే పాత బద్ధకం అడ్డం పడింది. ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఆ క్షణంలోనే పిల్ల నాన్న మాటకి తల ఊపి, "అవును, నాకూ భయమే" అంది. అని నవ్వింది.

వాళ్ళు నీళ్ళ వైపు వెళ్ళిపోయారు. పిల్ల వచ్చి చాప మీద కూర్చుని, చెదిరిన చెప్పులు జతలు జతలుగా సర్దడం మొదలుపెట్టింది. ఎవరూ సర్దమనలేదు. నాన్న చెప్పులు ముందు, నానమ్మవి తర్వాత, అన్నవి తర్వాత. ఆమె ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. చిన్న చేతులు, గోళ్ళకి ఎప్పుడో వేసుకున్న రంగు సగం ఊడిపోయి ఉంది. తన మీద జరిగిందంతా ఆమె భరించింది, భరించడం ఆమెకి బాగా వచ్చు. ఇది మాత్రం భరించరానిదిగా తోచింది. ఎన్నేళ్ళుగానో ఆలస్యంగా వచ్చే కోపం మొదటిసారి వేళకి వచ్చింది.

ఒళ్ళో ఉన్నవన్నీ చాప మీద కుమ్మరించి లేచింది.

"పద."

"ఎక్కడికమ్మా?"

"నీళ్ళలోకి."

పిల్ల చేతిలో చెప్పుతో అలాగే తలెత్తి చూసింది. "మరి సామాన్లు? అత్త చెవులవీ, నాన్న ఫోనూ..."

"ఉంటే ఉంటాయి, పోతే పోతాయి. లే."

ఇసుక కాలుతోంది. ఆమె పరుగెత్తలేదు, నడిచింది. పాదాలకి నీళ్ళు తగిలాయి. గోరువెచ్చగా లేవు, చల్లగా ఉన్నాయి. పుస్తకంలో ఇన్నేళ్ళూ తప్పు రాసిందన్నమాట. చీలమండలు దాటాక పిల్ల కిలకిలా నవ్వి ఆమెని తడిపింది. మోకాళ్ళ దాకా వచ్చాక వెనక్కి మళ్ళే అల ఒకటి ఆమె పాదాల కిందనుంచి ఇసుకని సర్రున లాక్కుపోయింది. ఆమె తూలింది. కాళ్ళు ఉన్నచోటే బిగుసుకుపోయాయి, ఊపిరి అందలేదు. కాలువలో అన్నయ్యని గెలిచిన పిల్ల కోసం లోపలంతా వెతుక్కుంది. కనిపించలేదు.

ఆమెకి నిజంగానే భయమేసింది. నూరుసార్లు చెబితే అబద్ధం నిజమవుతుందంటారు, ఇది మాత్రం మాటల్లో ఆగిపోలేదు, ఒంట్లోకి దిగింది. ఈత రానిదన్న పేరు పెట్టి ఊరుకోలేదు, వచ్చిన ఈతని పోగొట్టారు. తను ఒప్పుకుంది కాబట్టే పోగొట్టారు, ఆ సంగతి కూడా ఆమెకి అక్కడే, ఆ మోకాళ్ళ లోతులోనే తెలిసింది. ఏడుపొచ్చింది. ఎలాగూ మొహం తడిగానే ఉంది కదా అని ఏడ్చింది.

"అమ్మా, భయమేస్తోందా? నిజంగా?" పిల్ల నవ్వు ఆపేసింది.

"వేస్తోందే."

"వెనక్కి వెళ్ళిపోదామా?"

వెళ్ళిపోవచ్చు. గొడుగు అక్కడే ఉంది, చాప అక్కడే ఉంది. తను తిరిగి వెళ్ళి కూర్చుంటే పక్కన ఇది కూర్చుంటుంది, రేపు దీని పక్కన ఇంకొకతె కూర్చుంటుంది. ఆమె తల అడ్డంగా ఊపి, పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నువ్వు ఈదు. నాకు భయమేస్తే వెయ్యనీ. నేనిక్కడే నిలబడతా."

పిల్ల నీళ్ళలోకి ఒరిగి కాళ్ళు కొట్టింది. కాస్త దూరంలో తన తల్లి నడుము పట్టుకుని నిలబడ్డ భర్త అప్పుడు వీళ్ళని చూశాడు. చూసి, నమ్మలేనట్టు ఇంకోసారి చూశాడు. ఆయన కళ్ళు ఆమె తడిసిన బట్టల మీద గానీ వణుకుతున్న భుజాల మీద గానీ ఆగలేదు. తిన్నగా ఒడ్డు మీది గొడుగు దగ్గరికి వెళ్ళాయి.

"సామాన్ల దగ్గర ఎవరున్నారు?" అని అరిచాడు.

ఆమె మొహం మీది ఉప్పు తుడుచుకుంది. ఇంకో అల వస్తోంది, ఇందాకటి దానికంటే పెద్దది. భయంతో బిగుసుకున్న కాలుని బలవంతాన పైకెత్తి ఒక అడుగు లోపలికి వేసి, ఆయనకి వినపడేలా గట్టిగా చెప్పింది.

"ఎవరూ లేరు."