గీత చదునుగా ఉన్నచోట

నలభై ఒకటేమిటి, నలభై రెండు కదా ఉండాలి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాలి, కళ్ళజోడు వదులై జారిపోతోంది, ఎక్కడో ఒక వరస దాటేసి ఉంటాను అనుకుంటూ ఆవిడ స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీలో ముందుకు వంగి, ల్యాప్‌టాప్ తెరమీద పిల్లకొకటి చొప్పున ఉన్న చీటీలకు వేలు ఆనించి, పద్నాలుగు, పదిహేను, పదహారు, పద్దెనిమిది, ఆగు, పదహారు తర్వాత పద్దెనిమిదేమిటి, పదిహేడేది, నిన్న బడి వదిలేదాకా ఇక్కడే ఉంది, ఆకుపచ్చ చీటీ, కింద చెవి బొమ్మ, నొక్కితే ఆ పిల్ల గొంతు వినబడేది, ఇప్పుడు పదహారూ పద్దెనిమిదీ ఒకదాన్నొకటి ఆనుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి, గడియారంలో పదిన్నర దాటింది, పదకొండుకు పెద్ద మేడమ్ గదిలో ఆ పిల్ల పిన్ని ఎదురుగా ఆ చీటీ వినిపించాలి, వినిపిస్తే పిల్ల ఈ బడిలో ఉంటుంది, లేకపోతే ఊరికి అటు చివర ఉన్న ప్రత్యేక బడికి పంపే కాగితం మీద సంతకం పడుతుంది, కాగితం టైపు చేసి కూడా పెట్టారు, ఆవిడ కళ్ళారా చూసింది, సంతకం చోటొక్కటే ఖాళీ, తల్లి పోయాక పిన్ని దగ్గరికి వచ్చిన పిల్ల, ఏడాదిన్నరగా బడిలో గానీ ఇంట్లో గానీ ఒక్క మాట మాట్లాడని పిల్ల, రాస్తుంది, లెక్కలు చేస్తుంది, తల ఊపుతుంది, నోరు మాత్రం కుట్టేసినట్టే, గొంతుకేం లోటు లేదని డాక్టరు చెప్పి ఊరుకున్నాడు, ఈ నెలాఖరులోగా దాని గొంతు నా చెవిన పడాలండీ, పడకపోతే నేను మాత్రం ఏం చేయను అని పెద్ద మేడమ్ అంటే, పడేలా చేస్తాను, నాదీ పూచీ అని నలుగురిలో గొప్పగా అన్నది ఎవరు, తనే కదా.

పొద్దున తనే ఏదో చేసి ఉంటుంది, ఇంకెవరు చేస్తారు, వంటింట్లో పొయ్యిమీద పాలు పెట్టి ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను, ఈ గోడ అనేది, పిల్లలే దానికి గోడ అని పేరు పెట్టారు, ఒక ఉచిత పేజీ, తరగతి మొత్తం కలిసి రాసుకోవచ్చు, బొమ్మ అతికించవచ్చు, గొంతు రికార్డు చేసి పెట్టవచ్చు, ఉచితం కాబట్టి మనిషికి మూడు గోడలే, నాలుగోది కావాలంటే ఉన్న మూడింటిలో ఒకటి చెరిపేయాలి, అందుకే ప్రతి ఏడూ పాత పిల్లల్ని చెరిపేసి కొత్త పిల్లల్ని పెట్టుకోవడం, ఆ చెరిపేటప్పుడు ఏదోలా ఉంటుంది గానీ ఏం చేస్తాం, పొద్దున పెద్ద మేడమ్‌కి చూపించడానికి విడిగా ఒక చిన్న గోడ కడదామని పోయినేటిది చెరిపి, పదిహేడో చీటీని దానిమీదికి ఎక్కించబోతే అది తలకిందులుగా వచ్చి కూర్చుంది, ఇంతలో పాలు పొంగాయి, విసుగొచ్చి ఆ కొత్త గోడంతా చెరిపేసి ఫోను అవతల పడేసింది, చీటీని నకలు తీసిందా, లేక ఉన్నదాన్నే పీకి అటు జరిపిందా, నకలు అన్న మాట మీదే నొక్కింది, నొక్కిందా, నొక్కినట్టే ఉంది, ఇరవయ్యారేళ్ళు సుద్దముక్కతో బతికిన దానివి నీకెందుకే ఇవన్నీ అని చెల్లెలు నవ్వితే నీలా కూర్చుంటే బుర్రకు తుప్పు పడుతుందే అని దులిపేసింది గానీ, ఇప్పుడు చూడు, పాలూ పోయాయి, పిల్ల గొంతూ పోయింది, తలబాదుకుంటే మాత్రం తిరిగొస్తుందా.

ఎదురుగా లెక్కల మాస్టారు కొబ్బరినూనె రాసిన తల వంచి పేపర్లు దిద్దుకుంటూ, ఏంటి మేడమ్, నెట్ రావట్లేదా, నా ఫోను నుంచి ఇవ్వనా అన్నాడు, పాపం మంచివాడు, అక్కర్లేదండి అంది, గొంతు తనకే కొత్తగా వినబడింది, ఎవరు ఎప్పుడేం మార్చారో చూపించే పట్టీ ఒకటి ఉండాలి, పక్కన గడియారం బొమ్మ, ఆ ముప్ఫై ఒకటో నంబరు వెధవ అందరి చీటీల మీదా గాడిద బొమ్మలు అతికించినప్పుడు వాణ్ణి పట్టుకున్నది దాంతోనే, వాడే అయి ఉంటే బాగుణ్ణు, వాడి చెవి మెలేయొచ్చు, గడియారం నొక్కింది, తిరుగుతోంది, తిరుగుతోంది, బడి నెట్‌కి ఇవాళే నీరసం రావాలా, వచ్చింది, ఇవాళ ఎనిమిది యాభై రెండు, పదిహేడవ నంబరు, పదిహేడవ చీటీని తీసివేశారు, ఇంకోసారి చదివింది, అక్షరాలు మారలేదు, అంటే పాలు పొంగినప్పుడు కాదు, తన తప్పు కాదు, అమ్మయ్య అనుకునేలోపే ఆ అమ్మయ్య మీద రోత పుట్టింది, తీసిందెవరో చెబుతారు గానీ తిరిగి పెట్టాలంటే డబ్బు కట్టిన వాళ్ళకేనట, పసుపురంగు డబ్బాలో నవ్వుతున్న బొమ్మ, ఎవరైనా మార్చవచ్చు అని నలభై ఇద్దరికీ హక్కు ఇచ్చింది తనే, గోడ అందరిదీ అని ఉపన్యాసం కూడా ఇచ్చింది, గుమ్మంలో ఆయా నిలబడి, మేడమ్, ఆ మాట్లాడని పాప పిన్నిగారు వచ్చేశారు, పెద్ద మేడమ్ గదిలో కూర్చోబెట్టాను అని, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఇవాళ ఆ పాప అందరికంటే ముందొచ్చిందండీ, బీరువా వైపు చూపిస్తే ట్యాబ్లెట్ తీసిచ్చాను, ఇవ్వొచ్చు కదా మేడమ్ అని అడిగింది, ఇవ్వొచ్చు, ఎందుకివ్వకూడదు, ఇచ్చి మంచిపని చేశావు అంది ఆవిడ.

ఎంత పని చేశావే తల్లీ, నీకోసం నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే నీ బతుకు నువ్వే చెరిపేసుకున్నావా, ఆ గొంతు కోసం ఎన్ని తిప్పలు పడ్డానో నీకేం తెలుసు, బొమ్మలతో చెప్పించాను, పాటకు పెదాలు కదపమన్నాను, ఒకటీ పారలేదు, చివరికి మన ఇంట్లో ఒక వస్తువు గురించి చెప్పండి అని తరగతికంతా పని ఇచ్చి, నిన్ను మాత్రం మ్యాపుల గదిలో ట్యాబ్లెట్‌తో వదిలేసి, తలుపు దగ్గరగా వేసి, వరండాలో గోడకు వీపు ఆనించి నిలబడ్డాను, కాళ్ళు తిమ్మిరెక్కాయి, నువ్వు బయటికొచ్చి ట్యాబ్లెట్ నా చేతిలో పెట్టి పోయావు, ఆ సాయంత్రం దాన్ని నా ఫోనులోకి దించుకుని బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే, మా ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండేది అన్న గొంతు, కాస్త బొంగురుగా, పెద్దమనిషి గొంతులా, నా స్టాపు దాటిపోయినా దిగలేదు, మా అమ్మ ముందు చొక్కా కాలరు చేసేది, తర్వాత చేతులు, నా యూనిఫాం అన్నింటికంటే ఆఖర్న చేసేది, చేసీచేయగానే తొడిగేది, వేడిగా ఉండేది, చలికాలం బాగుండేది, బొత్తాలు మాత్రం కాలేవి, అమ్మ వాటిని ఊదేది, అంతే, ఏడుపు లేదు, ఏమీ లేదు, అక్కడే ఆపేసి, బస్సులో జనం చూస్తున్నారని కూడా లేకుండా తను ఏడ్చింది, ఏడ్చి, ఇంటికి వెళ్ళగానే, ఏం చేసింది, ఆ, కత్తిరించింది, గోడ మీద ఉచితానికి ఒకటిన్నర నిమిషమే పడుతుంది, రికార్డు రెండు నిమిషాల పైన ఉంది, చివర ఆపడం మరిచిపోయినట్టుంది, తెరమీద గొంతును చూపించే గీత చదునుగా సాగిపోయింది, నిశ్శబ్దం, కొసన చిన్న గతుకు, కుర్చీ చప్పుడో ఏమో, ఆ ఖాళీ అంతా కత్తిరించి పారేసింది, కత్తిరించే సాధనమూ ఉచితమే, కొత్త ఫైలుగా దాచుతుంది, కొత్త ఫైలుగా, అంటే పాతది, పాతది ఎక్కడికి పోతుంది, ఫోనులోనే ఉండాలి.

ఫోను సంచిలో లేదు, సొరుగులో లేదు, ఒళ్ళోనే ఉంది, ఇంత మతిమరుపైతే ఎలా బతుకుతావమ్మా అని తనను తనే తిట్టుకుని, దిగిన ఫైళ్ళన్నీ జరుపుకుంటూ, కరెంటు బిల్లు, ఎవరిదో పెళ్ళి పిలుపు, కిరాణా చిట్టా ఫొటో, ఉంది, రెండు నిమిషాల తొమ్మిది సెకన్లు, ఉంది, బతికాను, ఒక్కసారి లేచి నిలబడింది, మాస్టారు తలెత్తి చూశాడు, ఏం లేదండి దొరికింది అంది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, పెద్ద మేడమ్ బల్లమీద ఫోను పెట్టి ఏమీ మాట్లాడకుండా నొక్కాలి, పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, పెద్ద మేడమ్ ఆ కాగితం చింపేస్తుంది, కనీసం సొరుగులోకైనా తోస్తుంది, ముందొకసారి సరిగ్గా వినబడుతోందో లేదో చూసుకుంటే మంచిది అనుకుని ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చింది, ఇస్త్రీపెట్టె ఉండేది, కాలరు, చేతులు, బొత్తాలు, ఊదేది, అక్కడితో అయిపోయింది, ఆపేయడానికి వేలు పెట్టింది గానీ వేలు నొక్కలేదు, పది నిమిషాల తక్కువ పదకొండు, ఒక్క అర నిమిషానికి కొంప మునగదు.

నిశ్శబ్దం, నిశ్శబ్దం కూడా కాదు, ఊపిరి, మ్యాపుల గదిలో ఫ్యాను కిర్రుమనడం, దూరంగా ఎవరో ఎక్కం చెబుతున్నారు, మళ్ళీ ఊపిరి, నోరు తెరిచినట్టు చిన్న తడి చప్పుడు, మూసినట్టు, మళ్ళీ తెరిచినట్టు, ఇంతసేపా, ఇంతసేపు ఈ పిల్ల నోట్లో ఒక మాట పెట్టుకుని పెనుగులాడిందా, తను చదునైన గీత అనుకుని కత్తెర పెట్టింది దీనికా, ఆ తర్వాత ఆ గతుకు వచ్చింది, కుర్చీ చప్పుడు కాదు, గుసగుస, మైకు దగ్గరికి జరిగి, టీచర్, ఇది మా పిన్నికి వినిపించకండి, పిన్ని కూడా నాకు ఇస్త్రీ చేస్తుంది, పని నుంచొచ్చి రాత్రే చేసి తగిలిస్తుంది, పొద్దుటికి చల్లారిపోతుంది, ఇది వింటే బాధపడుతుంది.

మళ్ళీ వింది, మళ్ళీ, చెవులు మండాయి, పది రోజులు, ఆ పిల్ల చెప్పి పది రోజులైంది, తను వినలేదు, విననిదే కాకుండా గోడకెక్కించింది, పెద్ద మేడమ్‌కి పూచీ ఇచ్చింది, పిన్నికి తనే ఫోను చేసి సెలవు పెట్టి రండమ్మా, మీకో మంచి సంగతి వినిపిస్తాను అని పిలిచింది, నిన్న ఆఖరి పిరియడ్‌లో పిల్లలందరి ముందూ పదిహేడో నంబరు గొంతు రేపు వాళ్ళ పిన్ని వింటారర్రా చప్పట్లు కొట్టండి అంటే, అందరూ కొట్టారు, ఒక్కర్తే కొట్టలేదు, బెల్లు కొట్టాక అందరూ పోయినా ఆ పిల్ల బల్ల దగ్గరికొచ్చి నిలబడింది, తను ఏదో ఎక్కిస్తోంది, తొంభై శాతం దగ్గర ఆగిపోయింది, తెరమీద నుంచి కళ్ళు తీస్తే అదెక్కడ తెగిపోతుందో అని, పక్కన ఆ ఊపిరి, అదే తడి చప్పుడు, తెరవడం, మూయడం, ఐదు నిమిషాలుంటుంది, ఐదు నిమిషాలు, తను తలెత్తకుండానే, ఏంటమ్మా, ఏదైనా ఉంటే గోడ మీద పెట్టు, పో, బస్సు వెళ్ళిపోతుంది అంది, పో అంది, పాపం మాట విని గోడ మీదే చెప్పింది, తనకున్న ఒక్క హక్కుతో తన చీటీ తనే పీకేసింది, ఆ పని కోసం అందరికంటే ముందు బడికొచ్చింది, బడిలో ఉండడం పోయినా సరే అనుకుందా, అంత తెలుసా దానికి, పదేళ్ళ పిల్లకి, దేవుడా, ఫైలు చేతిలో ఉంది, నొక్కితే పిల్ల బడిలో ఉంటుంది, నొక్కితే ఈ జన్మలో మళ్ళీ ఎవర్నీ నమ్మి నోరు విప్పదు, చివరిది కత్తిరించి మొదటిదే వినిపిస్తేనో, అదే కదా నువ్వు చేసింది, సిగ్గులేదూ, నడవా ఎంత పొడుగు, పెద్ద మేడమ్ గది తలుపు తెరిచే ఉంది, పిన్ని కుర్చీ అంచున కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది, మణికట్టు మీద ఇస్త్రీపెట్టె అంచు తగిలిన మచ్చ, పక్కన పిల్ల, మడత నలగని యూనిఫాం, కాలరు ఎంత తీరుగా ఉందో, నేలను చూస్తోంది, రండి, వినిపించండి మరి అంది పెద్ద మేడమ్, పెన్ను చేతిలోనే ఉంది, వినిపించడానికేం లేదండి అంది తను, నాతో మాట్లాడింది, చాలాసేపు మాట్లాడింది, ఏం చెప్పిందో మాత్రం ఎవరికీ చెప్పను, చెప్పొద్దంది, పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి, అలా అంటే నేనెలా నమ్మనండీ అని కాగితం దగ్గరికి లాక్కుంది, నమ్మదు, ఎవరైనా ఎందుకు నమ్ముతారు, పిన్ని అయోమయంగా ఇద్దర్నీ చూస్తోంది, తను ఫోను ఆపి సంచిలో వేసి, పెన్ను మూత తీసిన చప్పుడు వింటూనే పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది, పిల్ల తలెత్తింది, పెదాలు విచ్చుకున్నాయి, మూసుకున్నాయి, మళ్ళీ విచ్చుకున్నాయి, చప్పుడు లేదు, ఆవిడ ఏమీ అడగలేదు, కళ్ళు తిప్పుకోలేదు, నిన్న బల్ల దగ్గర నిలబడ్డ ఆ ఐదు నిమిషాలూ ఈ పిల్ల తనతో మాట్లాడుతూనే ఉంది.