రెండేళ్ల మాట

స్టీక్‌ను పీచుకు అడ్డంగా కోయాలి. నిలువుగా కోస్తే చిన్నోడు యూసుఫ్ నమల్లేక ఉమ్మేస్తాడు, దానా పళ్లసందుల్లో ఇరుక్కుందని ఏడుపు మొదలుపెడుతుంది. ముందు కత్తి మొనతో నొక్కి చూసి, లోపల మరీ ఎర్రగా ఉంటే వెనక్కి పంపాలి. అంచున ఉన్న కొవ్వు తీసేయాలి. యూసుఫ్‌కు శనక్కాయ గింజంత, దానాకు చింతపిక్కంత. ఎనిమిదేళ్లుగా కోస్తున్నాను. ఏనాడూ నోట పెట్టని దాన్ని ఇంత ఒడుపుగా కోయడం ఎట్లా వచ్చిందా అని అప్పుడప్పుడు నాకే ఆశ్చర్యమేస్తుంది.

శుక్రవారం నమాజు అయ్యాక పిల్లల్ని తీసుకుని ఈ స్టీక్ హోటల్‌కు రావడం మామా, బాబాలకు అలవాటు. మామా అంటే నేను పనిచేసే ఇంటామె, సర్కారు బళ్లో టీచరు. బాబా ఆమె భర్త. పెద్దోడు ఫహద్‌కు పద్నాలుగు, దానాకు తొమ్మిది, యూసుఫ్‌కు రెండు. ఇట్లాంటి హోటళ్లే కువైట్‌లో ఇంకా నాలుగైదు ఉన్నాయి. ఎందులోకి పోయినా గోడల మీద అవే ఎద్దుకొమ్ములు, ముందుగా తెచ్చిపెట్టేది అదే వేడి రొట్టె, అదే తియ్యటి వెన్న. వాకిట్లో నిలబడ్డ పిల్ల ఎంతమంది అని అడిగితే మామా ఐదు వేళ్లు చూపిస్తుంది. నేను ఆ వేళ్లలో లేను. మొదటిసారి వచ్చినప్పుడు గొడ్డు మాంసం తిననని చెప్పాను, అదే నేను చేసిన తప్పు. ఆ రోజు నుంచి ఈ బల్ల దగ్గర నేను అసలేమీ తినని మనిషినైపోయాను. ఇక్కడ కోడి ఉంది, అన్నం ఉంది, ఉడకబెట్టిన ఉర్లగడ్డ ఉంది. "రీరీ తినదు" అంటుంది మామా, వడ్డించేవాళ్లు తలూపుతారు. వెంకటేశ్వరి అన్న పేరు నోరు తిరగక రీరీ చేశారు. చెడ్డవాళ్లని చెప్పను, ఇంటికి పోయాక నా అన్నం నేను వండుకు తింటే ఎవరూ వద్దనరు. అప్పటిదాకా యూసుఫ్ ఎత్తు కుర్చీ పక్కన నిలబడి, గాలి తిని బతికేదాన్నయినట్టు నవ్వుతూ ఉండాలి, అంతే.

ఈరోజు నిలబడడమే కష్టంగా ఉంది. దాచి చెప్పడమెందుకు, రక్తం పోతోంది. ఇది పద్దెనిమిదో రోజు. ఏడాదిగా ఇదే వరస. నెలకు పది రోజులు ఆగితే గొప్ప. నల్ల యూనిఫాం కాబట్టి సరిపోయింది, తెల్లదైతే ఈపాటికి హోటలంతా చూసేది. మా వీధి చివరింట్లో పనిచేసే రెడ్డెమ్మక్క, ఆమెదీ మా రాయచోటి పక్కనే, పోయిన నెల నన్ను బలవంతాన క్లినిక్‌కు లాక్కుపోయింది. గర్భసంచిలో గడ్డలున్నాయి, రక్తం ఏడుకు పడిపోయింది, ఊరికి పోయి ఆపరేషన్ చేయించుకో, ఆలస్యం చేయకు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అదృష్టానికి నా సెలవు దగ్గరికొచ్చింది. వచ్చే గురువారం విమానం. మామాకు సెలవని మాత్రమే తెలుసు, గడ్డల సంగతి తెలియదు. చెప్పొద్దని మా ఇంటాయన మాట తీసుకున్నాడు.

మా ఇంటాయన గురప్ప ఆరేళ్లు ఇక్కడే, కువైట్ ఎడారిలోని కబ్ద్‌లో గొర్రెలు కాశాడు. నడుం పట్టేసిందని ఊరికి పోయి నాలుగేళ్లయింది. అరబ్బీ మాత్రం నాకంటే బాగా మాట్లాడతాడు. "రోగముండాదని తెలిస్తే రెండో రోజే పంపిచ్చేస్తారు. ఇంగెవత్తెనో తెచ్చుకుంటారు. నువ్వు గమ్మునుండు" అన్నాడు. గమ్మున ఉన్నాను. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు బరువెత్తకూడదంట అని చెప్తే, "మూడు నెల్లా? మేడ మీద గోడలు లేచినాయి, స్లాబు నీ అబ్బ ఏస్తాడా?" అన్నాడు. ఏడాది ఓర్చుకున్నదానికి ఇంకో రెండేళ్లు ఓర్చుకోలేవా అని కూడా అన్నాడు, చలికాలం ఇంకో దుప్పటి కప్పుకొమ్మన్నంత తేలిగ్గా. మా అత్త సంజీవమ్మ ఫోను లాక్కుని, "ఆడదానికి నెత్తురు పోక ఏం పోతాది మే? మేము కలుపు తీస్తానే పోగొట్టుకున్న్యాం, డాకటర్లకు చెప్పుకున్న్యామా?" అంది. ఆమెకెవరూ చెప్పుకునే దారి చూపించలేదు పాపం. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నా మీద చూపిస్తోంది.

ఆ అత్తే పోయిన సెలవులో మా మరిది పెళ్లికి నన్ను పసుపు దంచనీయలేదు. ముత్తైదువులంతా రోకలి చుట్టూ చేరారు, నేనూ కొంగు బిగించి పోయాను. అంతకు ముందురోజు నేనే నోరు జారి, స్టీక్ ఎట్లా కోయాలో తోడికోడలికి నవ్వుతూ చెప్పి ఉన్నాను. "నువ్వు ముట్టొద్దు. పెద్దకూర కోసిన చేతులవి" అంది అత్త, అందరి ముందర. ఆ రోకలి పెట్టిన వాకిలి, ఆ వాకిలి వెనకున్న ఇల్లు ఆ చేతులు కట్టినవే. ఇటుకలకు లేని అంటు పసుపుకొమ్ములకు వచ్చింది. మా ఇంటాయన కబ్ద్‌లో ఎడారి గుడారాల దగ్గర ఏ పళ్లెంలో ఏం తిన్నాడో ఎవరూ అడగలేదు, పెళ్లిపందిట్లో మొదటి కొబ్బరికాయ ఆయనే కొట్టాడు. ఆ రోజు కూడా గమ్మునుండు అనే అన్నాడు. నా పెళ్లయ్యాక ఆయన నాతో ఎక్కువసార్లు అన్నమాట అదే.

యూసుఫ్ నోటికి ఆఖరి ముక్క అందిస్తుంటే మామా చేతులు తుడుచుకుని నావైపు తిరిగి నవ్వుతూ అభినందనలు చెప్పింది.

"మబ్రూక్ రీరీ! నిన్న నీ భర్త ఫోన్ చేశాడు. నీకు సెలవు వద్దట కదా, ఇంకో రెండేళ్లు మాతోనే ఉంటావట. సాయంత్రం టికెట్ రద్దు చేయిస్తాను. ఆదివారం నీ ఇఖామా గడువు పొడిగించడానికి బాబా మనిషిని పంపిస్తాడు."

దానా కుర్చీలోంచి దూకి వచ్చి నా నడుం చుట్టేసింది. ఏడాది పిల్లగా నా చేతికి వచ్చింది. దాని తల సరిగ్గా నొప్పి ఉన్న చోట ఆనింది. తీయమనడానికి మనసొప్పలేదు, ఓర్చుకోవడానికి ఒళ్లొప్పలేదు. కాసేపటికి నెమ్మదిగా దాని చేతులు విడిపించాను. ప్రేమ లేక కాదు. ఈ పిల్లల మీద నాకున్న ప్రేమ అందరికీ తెలుసు, దాన్ని పట్టుకునే అందరూ నన్ను ఇక్కడ కట్టేస్తున్నారు.

"నన్నెవరూ అడగలేదే మామా?" అన్నాను.

"నీ భర్త చెప్పాడు కదా!" అంది మామా, నిజంగానే ఆశ్చర్యపోయి. "కావాలంటే నువ్వే విను" అని అక్కడికక్కడే వీడియో కాల్ కలిపి, ఫోనును నీళ్ల గ్లాసుకు ఆనించి పెట్టింది.

ఆయన కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. మా పెళ్లికి కూడా అంత నున్నగా దువ్వుకోలేదు. మామాకు, బాబాకు అరబ్బీలో సలాములు, పిల్లల క్షేమాలు అన్నీ అయ్యాక నావైపు తిరిగి, ముఖం మీద నవ్వు చెదరకుండా తెలుగులో మొదలుపెట్టాడు.

"ఏమ్మే, ఊ అను. అందరి ముందర మొకం ముడుచుకోవాకు. ఆపరేషన్ యాడికి పోతాది, ఎప్పుడన్నా చేపిచ్చుకుందాం. నేను మాటిచ్చేసినా. నా పరువు తీయాకు."

మళ్లీ మామాతో అరబ్బీలో అన్నాడు: "సంతోషంతో దానికి నోట మాట రావడం లేదు మామా. మా ఆడవాళ్లంతే."

నేను ఆ ఫోను వైపే చూస్తూ నిలబడ్డాను. తెలుగులో నా నోరు మూస్తాడు, అరబ్బీలో నా తరఫున ఒప్పుకుంటాడు. ఎంత సులువుగా ఉందో ఆయనకు. నేను తెలుగులో కాదంటే అది మా ఇద్దరి మధ్య గొడవగా మిగిలిపోతుంది, ఈ బల్ల దగ్గర ఎవరికీ అర్థం కాదు, సాయంత్రానికి టికెట్ రద్దయిపోతుంది. అప్పుడు ఇంకో రెండేళ్లు. ఏడున్న రక్తం ఐదవుతుంది, నాలుగవుతుంది, ఒకరోజు యూసుఫ్‌ను ఎత్తుకుని మెట్ల మీద నేను పడతాను. అప్పుడు కూడా ఈయన ఇట్లాగే చొక్కా వేసుకుని, నేను సంతోషంతో పడ్డానని చెప్పగలడు. ఇన్నేళ్లూ నేను గమ్మున ఉండడం ఓర్పనుకున్నాను. కాదు, భయం. మామా పంపించేస్తుందని భయం, ఆయన తిడతాడని భయం, బాబా ముందు, ఎదిగిన ఫహద్ ముందు ఆడదాని సంగతులు ఎట్లా మాట్లాడేదని సిగ్గు. ఈ రెండూ నన్ను ఇంకో రెండేళ్లు బతికించలేవు. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. కడుగు, తుడువు, పట్టుకో, జాగ్రత్త. కానీ రక్తం అనే మాట నాకు వచ్చు. పిల్లలు మోకాళ్లు చీరుకుపోయి వచ్చినప్పుడల్లా నేర్చుకున్నదే.

"మామా" అన్నాను అరబ్బీలో. "నాకు రక్తం పోతోంది. ఒక ఏడాది నుంచి. ఇప్పుడు కూడా పోతోంది. లోపల గడ్డలున్నాయి, తీసేయాలని డాక్టర్ చెప్పింది. ఈయనకు తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు."

బాబా తల వంచుకున్నాడు. ఫహద్ ఎర్రబడిన ముఖంతో తన పళ్లెం వైపు చూశాడు, తర్వాత లేచి తన కుర్చీ నావైపు జరిపాడు. నేను కూర్చున్నాను.

ఫోనులోంచి అరుపు వినిపించింది. "ఏం చెప్తాండావే నువ్వు! మగోళ్ల ముందర ఆ మాటలేంది? సిగ్గు శరం ఉండాదా నీకు?"

"ఉండాది" అన్నాను తెలుగులో. "చెప్పుకున్నందుకు కాదు. ఏడాది దాచిపెట్టినందుకు సిగ్గుగా ఉండాది."

మామా నా చెయ్యి పట్టుకుంది. "నేను ఆడదాన్ని కానా? నాకెందుకు చెప్పలేదు?" అంది. గొంతులో జాలి ఉంది, ఒప్పుకుంటాను. కానీ జాలి వెనకే లెక్క కూడా వచ్చింది. బడికి సెలవు పెట్టలేదు, యూసుఫ్‌ను ఎవరు చూడాలి, ఇంకో మనిషిని వెతకనేలేదు. "కొంచెం ఆగలేవా రీరీ? రంజాన్ దాకా? నేను నీ భర్త మాట నమ్ముకుని అన్నీ సర్దుకున్నాను. రెండేళ్లని గట్టిగా మాటిచ్చాడు."

"అదీ! అట్లా చెప్పండి మామా" అన్నాడు ఫోనులో మా ఇంటాయన, ఊపిరి వచ్చినట్టు.

నేను ఆ నీళ్ల గ్లాసు ఎత్తి తాగాను. గ్లాసుకు ఆనించిన ఫోను బల్ల మీద వెల్లకిలా పడింది. దాన్ని తీసి, ఆయన ముఖం మామాకు బాగా కనిపించేట్టు పట్టుకున్నాను.

"నా పాస్‌పోర్టు నా పెట్టెలో ఉంది మామా. గురువారం నేను విమానమెక్కుతాను. నీకు మనిషి లేకుండా పోదు" అన్నాను అరబ్బీలోనే, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ. "రెండేళ్లు చేస్తానని మాటిచ్చింది ఈయన. వీసా ఈయనకు పంపించు."